పాత ఆఫీసు మెయిల్‌తో పాటే పోయిన లింక్డ్‌ఇన్: నా అనుభవం

కంపెనీ మారేటప్పుడు ఫుల్ అండ్ ఫైనల్ (చివరి లెక్కల డబ్బు) వచ్చిందా, రిలీవింగ్ లెటర్ చేతికొచ్చిందా, పీఎఫ్ సంగతి ఏమిటి అని చూసుకుంటాం. లింక్డ్‌ఇన్ (ఉద్యోగ పరిచయాల కోసం వాడే సైటు) ఏ మెయిల్ మీద ఉందో ఎవరూ చూడరు. బాకీ ఏమీ లేదని రాయించుకునే నో డ్యూస్ ఫారంలో హెల్మెట్‌కి, క్వార్టర్ తాళానికి కూడా ఒక గడి ఉంటుంది, దీనికి ఉండదు. నేను ఒడిశాలోని రాయగడ జిల్లాలో ఒక ప్లాంట్‌లో, కొలిచే పరికరాలు చూసే ఇన్‌స్ట్రుమెంటేషన్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేసేవాణ్ణి. 2012లో హెచ్‌ఆర్ వాళ్లు మమ్మల్ని ట్రైనింగ్ హాల్లో కూర్చోబెట్టి అందరి చేతా ఆఫీసు మెయిల్‌తోనే అకౌంట్లు తెరిపించారు. ఉద్యోగం మానేసిన సాయంత్రానికే ఆ మెయిల్ ఆగిపోయింది. ఫోన్‌లో యాప్ లాగిన్ అయ్యే ఉంది కాబట్టి చాలాకాలం తేడా తెలియలేదు. ఫోన్ మార్చాక తెలిసింది. పాస్‌వర్డ్ కొట్టగానే, ఆఫీసు మెయిల్‌కి కోడ్ పంపాం, అది ఎంటర్ చెయ్యండి అని వచ్చింది.

పర్లాకిమిడిలో ఉండే మా బావకి చెప్తే నవ్వాడు. "ఏట్రా, పోయింది ఓ వెబ్‌సైటే కదా. వాట్సాప్ గ్రూపు ఉంది కదేటి?" అన్నాడు.

ఉంది. అందులో మా షిఫ్ట్ వాళ్లున్నారు, అప్పుడప్పుడు మజ్జిగౌరమ్మ గుడి ఫొటోలు, రోజూ గుడ్ మార్నింగులు ఉన్నాయి. నాకు కావలసిన వాళ్లు మాత్రం అందులో లేరు. ఏటా షట్‌డౌన్‌కి (మరమ్మతులకి ప్లాంట్ ఆపినప్పుడు) రూర్కెలా నుంచో విశాఖ నుంచో వచ్చి పదిరోజులుండి వెళ్లే వెండర్ ఇంజినీర్లు, కమిషనింగ్‌కి (కొత్త యంత్రాలు నడిపించి అప్పగించడానికి) వచ్చినవాళ్లు, ఆడిట్‌కి వచ్చినవాళ్లు: వీళ్లతో ఫోన్లు మాట్లాడుకునేంత చనువు ఉండదు. పేరు తెలుసు, పని తెలుసు, అంతే. వాళ్లందరూ ఉన్నది లింక్డ్‌ఇన్‌లోనే.

ఫోన్ నంబర్ల మీద ఆధారపడలేకపోవడానికి మా సరిహద్దు వాళ్లకి ఇంకో కారణం కూడా ఉంది. రోమింగ్ ఛార్జీలున్న రోజుల్లో ఇక్కడ చాలామంది దగ్గర రెండు సిమ్ములుండేవి. ఒకటి ఒడిశాది, ఇంకోటి ఆంధ్రాది. పార్వతీపురంలో చుట్టాలకి ఒక నంబరు, ప్లాంట్‌లో ఇంకో నంబరు. 2016లో జియో వచ్చి, ఆ వెనకే మిగతా కంపెనీలు కూడా రోమింగ్ తీసేశాక రెండో సిమ్ దండగ అనుకుని వదిలేశారు. రీఛార్జ్ చెయ్యకుండా వదిలేసిన ప్రీపెయిడ్ నంబరు కొన్నాళ్లకి ఇంకొకరికి వెళ్లిపోతుంది. నా దగ్గరున్న పాత నంబర్లకి ఫోన్ చేస్తే సగం మోగవు. ఒకటి మోగితే ఎవరో పెద్దావిడ ఎత్తి, నన్ను వాళ్లవాడు అనుకుని బియ్యం ఎప్పుడు పంపుతావు అని గదిమింది.

అకౌంట్ తిరిగి రాదనుకుని సొంత జీమెయిల్‌తో ఇంకోటి తెరిచాను. కొంతకాలం బాగానే నడిచింది. తర్వాత అసలు చిక్కు మొదలైంది. నా పేరుతో వెతికితే రెండు ప్రొఫైళ్లు కనిపిస్తున్నాయి. పాతదానిలో నేనింకా పాత ప్లాంట్‌లోనే ఉన్నాను. తెలిసినవాళ్లు పాతదానికే మెసేజ్ పెడుతున్నారు, జవాబు లేకపోతే పొగరనుకుంటున్నారు. ఒకాయన మా ఇంకో సహోద్యోగితో "ఆయన పెద్దవాడైపోయాడండీ" అన్నాడట.

పాత అకౌంట్ తిరిగి తెచ్చుకునే దారి ఒకటి ఉందని అప్పుడే తెలిసింది. మెయిల్ అందుబాటులో లేదని చెప్పి, ప్రభుత్వ గుర్తింపు కార్డు ఫొటో ఇచ్చి, అకౌంట్ మనదేనని నిరూపించుకోవాలి. నేను పాస్‌పోర్ట్ ఇచ్చాను. ఒడిశాలో ఉండే మా తెలుగువాళ్లకి ఇక్కడ పేరు దగ్గర తంటా వస్తుంది. ఇంట్లో ఇంటిపేరు ముందు రాస్తారు, ఒడియా బడిలో చివర రాయించుకుంటారు, వెంకట కాస్తా బెంకట అవుతుంది, లక్ష్మిలోని క్ష ఇంగ్లీషులో ఎక్స్ అవుతుంది. ప్రొఫైల్‌లో ఒక స్పెల్లింగు, కార్డులో ఇంకోటి ఉంటే టెన్షన్ తప్పదు. నావి రెండూ అదృష్టం కొద్దీ ఒకటే. కొన్నాళ్లకి కొత్త మెయిల్ మీదికి అకౌంట్ వచ్చింది.

లోపలికి వెళ్లగానే చేసిన పని పాత ఆఫీసు మెయిల్ తీసేసి, జీమెయిల్‌ని ముఖ్యమైన చిరునామాగా పెట్టడం. ఆ జీమెయిల్ కొత్త అకౌంట్‌లో ఉంది కాబట్టి ముందు అక్కడ ఇంకో మెయిల్ పెట్టాల్సి వచ్చింది. ఒక మెయిల్ ఒక్క అకౌంట్‌కే. ఫోన్ నంబరు కూడా చేర్చాను.

రెండు అకౌంట్లు కలిపే సదుపాయం సెట్టింగ్స్‌లోనే ఉంది. ఉంచుకోవలసినదాంట్లోకి లాగిన్ అయి, మూసెయ్యవలసినదాని మెయిల్, పాస్‌వర్డ్ ఇస్తే సరి. తొందరపడితే మాత్రం నష్టమే, ఎందుకంటే మూసేసిన అకౌంట్ నుంచి వచ్చేది కనెక్షన్లు (మనతో కలిసిన పరిచయస్తులు) మాత్రమే. రికమెండేషన్లు (మన పని గురించి ఇతరులు రాసిన మాటలు), ఎండార్స్‌మెంట్లు (మన నైపుణ్యాలకి వాళ్లిచ్చిన మద్దతు), జవాబు రాని ఇన్విటేషన్లు రావు. వెనక్కి తిప్పడం కుదరదు. కాబట్టి ఏది ఉంచాలనేదే అసలు ప్రశ్న. చూడ్డానికి కొత్తది బాగుంది, ఫొటో బాగుంది, వివరాలన్నీ సరిగా ఉన్నాయి. కానీ పాతదానిలో మా మేనేజర్ గారు రాసిన రికమెండేషన్ ఉంది. ఆయన రిటైరై భువనేశ్వర్‌లో ఉన్నారు, ఇప్పుడు మళ్లీ ఆ సైట్ తెరిచి రాయమంటే రాయరు. వివరాలు ఎప్పుడైనా దిద్దుకోవచ్చు, ఆయన మాట మళ్లీ రాదు. పాతదే ఉంచాను.

కలపడానికి ముందు రెండింటి డేటా దించుకున్నాను. "మీ డేటా కాపీ తీసుకోండి" అన్నచోట కనెక్షన్లు టిక్ పెడితే కాసేపటికి మెయిల్‌లో ఒక సీఎస్‌వీ ఫైలు వస్తుంది. ఎక్సెల్‌లో తెరిస్తే పేరు, ప్రొఫైల్ లింకు, కంపెనీ, హోదా, కనెక్ట్ అయిన తేదీ ఉంటాయి. ఈమెయిల్ గడి కూడా ఉంటుంది కానీ చాలావరకు ఖాళీ. తమ మెయిల్‌ని కనెక్షన్లు దించుకోవచ్చని అనుమతి ఇచ్చినవాళ్లదే వస్తుంది. ఫోన్ నంబర్లు రావు. ఇది చూసి నిరాశపడేవాళ్లున్నారు. నాకు మాత్రం తేదీ గడి ఒక్కటే చాలనిపించింది.

పేరుతో వెతికితే ఏమీ తేలదు. శ్రీనివాసరావు అని కొడితే ఊరికి పదిమంది. తేదీ వారీగా సర్దితే ఎవరెప్పుడు వచ్చారో గుర్తొస్తుంది. వరసగా ఓ వారంలో చేరినవాళ్లంటే అది షట్‌డౌన్. ఆ ఏడు బాయిలర్ డ్రమ్‌లో నీటి మట్టం చెప్పే ట్రాన్స్‌మిటర్లు మార్చాం, వాన పడి కేబుల్ ట్రెంచ్‌లో నీళ్లు నిండాయి, రూర్కెలా నుంచి వచ్చిన కుర్రాడు మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి లూపులు (పరికరం నుంచి కంట్రోల్ రూమ్ దాకా ఉన్న వైర్లు) చెక్ చేశాడు. పక్కన ఒక గడి చేర్చి "ఎక్కడ కలిశాం" అని పెట్టి, గుర్తొచ్చినంత రాస్తూ పోయాను. ఏమీ గుర్తురాని వాళ్లు బోలెడంతమంది. అందులో ఇన్సూరెన్స్ వాళ్లు, ఆన్‌లైన్ కోర్సులు అమ్మేవాళ్లు చాలామందే ఉన్నారు.

ఆ బోలెడంతమందిలో కొందరిని తీసేశాను. తీసేసినట్టు అవతలివాళ్లకి కబురు వెళ్లదు. అయితే ఆ మనిషి మనకిచ్చిన రికమెండేషను, ఎండార్స్‌మెంటూ కూడా పోతాయి, మళ్లీ కనెక్ట్ అయినా తిరిగి రావు. ఒకాయన పేరు దగ్గర చెయ్యి ఆగింది. మా సీనియర్ ఫోర్‌మన్. చనిపోయి చాలా ఏళ్లయింది. ఏటా ఆయన పుట్టినరోజుకి శుభాకాంక్షలు చెప్పమని నోటిఫికేషన్ వస్తూనే ఉంది. చనిపోయినవారి ప్రొఫైల్‌ని స్మారకంగా మార్చమని వాళ్ల తరఫున అడిగే వీలుందని వాళ్లబ్బాయికి చెప్పాను. "చూస్తానంకుల్" అన్నాడు, ఇంకా చేసినట్టు లేదు. నేనైతే ఆ పేరు తియ్యలేదు.

మిగిలినవాళ్లకి రాయడం మొదలుపెట్టాను, తీరిక దొరికిన ఆదివారాల్లో కొద్దికొద్దిమందికి. "నమస్తే సార్, బాగున్నారా" అని మొదలుపెడితే, ఉద్యోగం అడగబోతున్నాడని అవతలి మనిషి ముందే బిగుసుకుని కూర్చుంటాడు. అందుకని ఎక్సెల్‌లో రాసుకున్నదే రాశాను: ఆ ట్రెంచ్, ఆ వాన, క్యాంటీన్‌లో ఆయన వద్దన్న దాల్మా (కూరగాయలు వేసిన ఒడియా పప్పు). చివర ఏమీ అడగలేదు. ఇలా రాసినవాటికి జవాబులు వచ్చాయి. ఎక్సెల్‌లో ఖాళీగా ఉన్నవాళ్లకి పొడిగా రాసినవాటికి దాదాపు రాలేదు. కొత్తగా కలపాలనుకున్నవాళ్లకి ఇన్విటేషన్‌తో పాటు నోట్ పెట్టడం మంచిదే కానీ ఉచిత అకౌంట్‌కి నెలలో అలాంటివి కొన్నే ఇస్తారు. పంపి వెనక్కి తీసుకుంటే మూడు వారాల దాకా అదే మనిషికి మళ్లీ పంపనివ్వరు. అందుకని దాచుకుని వాడాను.

ఆ రూర్కెలా కుర్రాడు ఇప్పుడు విశాఖలో ఒక ఆటోమేషన్ కంపెనీలో మేనేజర్. వాళ్లకి ఒడియా, తెలుగు రెండూ వచ్చి, ఇక్కడి ప్లాంట్లు తెలిసిన మనిషి కావాలట. ఇప్పుడు నేను చేస్తున్న సర్వీస్ పని అలా వచ్చిందే. 2022లో 'సైన్స్' పత్రికలో లింక్డ్‌ఇన్ వాడే 2 కోట్ల మంది మీద ఒక పరిశోధన వచ్చింది. ఉద్యోగం మారడానికి దగ్గరి స్నేహితుల కన్నా ఓ మోస్తరుగా తెలిసినవాళ్లే ఎక్కువ ఉపయోగపడతారని అందులో తేలింది. మా బావకి చదివి వినిపించాను. "అయితే నానేటి చెయ్యాలి, నీతో మాటాడ్డం మానియ్యాలా?" అన్నాడు.

ఇప్పుడు ఆ ఫైలు ఏడాదికోసారి దించుకుంటాను. కొత్తగా కలిసినవాళ్ల పేరు పక్కన ఎక్కడ కలిశామో అదే రోజు రాస్తాను, రైల్లో రాయగడ వచ్చేలోపే. ఒక్కటి మాత్రం మిగిలిపోయింది. మూసేసిన అకౌంట్‌లో ఒక కాంట్రాక్టర్ గారి రికమెండేషన్ ఉండేది, అనుకున్నట్టే అది రాలేదు. మళ్లీ రాయమని అడిగితే, "నాకు టైమ్ లేదండీ, మీరే రాసి పంపండి, నేను పెట్టేస్తాను" అన్నారు. రెండుసార్లు కూర్చున్నాను కానీ, నన్ను నేనే పొగుడుకుంటూ ఆయన ఇంగ్లీషులో రాయడం నా వల్ల కాలేదు. ఆయన మాత్రం ఫోన్ చేసినప్పుడల్లా "రాశారా?" అని అడుగుతున్నారు.