ద్వోర్జాక్ హాల్లో ద్వోర్జాక్

డ్రెస్డెన్ నుంచి ప్రాగ్ వెళ్ళే రైల్లో అందరూ ఎడమ పక్క కిటికీలకే ఎగబడతారు. మొదట ఎల్బే, తర్వాత వల్తావా, నదులు రెండూ అటువైపే. ప్రాగ్ దగ్గర పడుతుండగా నేను మాత్రం కుడి పక్కకు మారాను. నెలహొజెవెస్ అనే చిన్న ఊరు అటే ఉంది. మా బండి అక్కడ ఆగదు. కోట గోడ, కాసిని ఇళ్ళు కనిపించి రెప్పపాటులో వెనక్కి పోయాయి. చెక్ స్వరకర్త ఆంటోనిన్ ద్వోర్జాక్ 1841లో పుట్టింది ఆ ఊళ్ళోనే. తండ్రి మాంసం కొట్టు, సత్రం నడిపేవాడు. ఈ రైలు మార్గం 1850లో వచ్చింది కాబట్టి పిల్లవాడు దాని నిర్మాణమంతా చూసే ఉంటాడు. పెద్ద స్వరకర్త అయ్యాక కూడా ప్రాగ్ స్టేషన్‌కు వెళ్ళి ఇంజన్లను చూసి వచ్చేవాడట. ఆ పిచ్చి ఉన్నవాళ్ళంటే నాకు మొదటి నుంచీ గురి.

ద్వోర్జాక్ సంగీతం వినడానికే ప్రాగ్ వెళ్ళాను. కచేరీ వల్తావా ఒడ్డున ఉన్న రుడోల్ఫినుమ్‌లో. 1885లో తెరిచిన ఈ భవనం రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కొన్నేళ్ళు చెకోస్లోవేకియా పార్లమెంటుగా కూడా పనిచేసింది. ఎదుట ద్వోర్జాక్ విగ్రహం, లోపల ఆయన పేరే పెట్టిన హాలు. చెక్ ఫిల్హార్మోనిక్ అనే ఆర్కెస్ట్రా మొదటి కచేరీకి 1896 జనవరి 4న ఆయనే ఇక్కడ కండక్టర్‌గా నిలబడ్డాడు.

విరామానికి ముందు చెల్లో కాన్చెర్టో. వయొలిన్ జాతికే చెందిన పెద్ద మంద్ర వాద్యం చెల్లో; అది ముందుండి, ఆర్కెస్ట్రా తోడుగా మూడు భాగాల్లో సాగే కృతి ఇది. న్యూయార్క్‌లో సంగీత కళాశాల నడుపుతున్న రోజుల్లో, 1894-95 చలికాలంలో రాసింది. అప్పుడే స్వదేశంలో వదినగారు యోసెఫీనాకు జబ్బు చేసిందని తెలిసింది. పడుచు వయసులో ఆయన మనసు పడ్డది ఈమె మీదే. పెళ్ళాడింది మాత్రం చెల్లెలు అన్నాను. యోసెఫీనాకు ఇష్టమైన తన పాట ఒకదాన్ని కాన్చెర్టో రెండో భాగంలో పొదిగాడు. 1895లో ఆయన తిరిగివచ్చిన నెల రోజులకే ఆమె పోయింది. అప్పుడు ముగింపు తిరగరాశాడు.

ఆ ముగింపు కోసమే నేను ఇంత దూరం వెళ్ళాను. మూడో భాగం కవాతు నడకతో మొదలవుతుంది. రెండు భాగాల సేపు చేతులు కట్టుకుని కూర్చున్న ట్రయాంగిల్ వాద్యకారుడు అప్పుడు లేచి ఆ చిన్న ఉక్కు కడ్డీని మోగించాడు. హాలంతా వేగం అందుకుంది. ఇక ఒక్క ఊపులో ముగిస్తారనుకునే చోట నడక మందగించింది. మొదటి వయొలిన్ ఒంటరిగా ఆ పాటను ఎత్తుకుంటే, కింద చెల్లో నెమ్మదిగా తోడు పలికింది. వాయించే ఆమె విల్లును తీగ మీద కదిపీ కదపనట్టు లాగుతోంది. నా పక్కన కూర్చున్న పెద్దాయన ముందుకు వంగి విన్నారు.

ఈ చోటికి ముందు ఘనంగా ఒంటి వాద్యం వాయించుకునే అవకాశం ఉండాలని, కాన్చెర్టో అంకితం పొందిన చెల్లో విద్వాంసుడు హనుష్ విహాన్ తానే ఒక ముక్క రాసి చేర్చమన్నాడు. ద్వోర్జాక్ వినలేదు. ఒప్పుకునేది లేదని ప్రచురణకర్తకు కూడా ఖరాఖండీగా రాసేశాడు. తని ఆవర్తనం లేకుండా కచేరీ ముగిస్తామంటే మన మృదంగ విద్వాంసుడు ఎంత చిన్నబుచ్చుకుంటాడో విహాన్ కూడా అంత చిన్నబుచ్చుకుని ఉంటాడు. కానీ ఆ రాత్రి విన్నాక నా ఓటు ద్వోర్జాక్‌కే. అక్కడ విద్వత్తు చూపిస్తే ఏడుపు ఆగిపోయేది.

విరామం తర్వాత ద్వోర్జాక్ ఎనిమిదో సింఫనీ, అంటే ఆర్కెస్ట్రా అంతా కలిసి వాయించే పెద్ద కృతి. 1889లో విసోకా అనే పల్లెలో రాసి, మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ఈ హాల్లోనే తొలిసారి వినిపించాడు. చెల్లోలు దిగులుగా ఒక రాగం పాడుతుండగా, ఫ్లూటు పిట్టలా కూసి దాన్ని చెదరగొడుతుంది. దీనికన్నా తొమ్మిదోదానికే లోకంలో పేరు ఎక్కువ. నాకు ఇదే ఇష్టం, ఎందుకంటే ఇందులో దొంగ గాంభీర్యం లేదు. చివరి భాగంలో ట్రంపెట్లు పిలిచాక హార్న్‌లు సకిలించినట్టు స్వరాన్ని వణికిస్తాయి. ఆ చోట నాకు నవ్వు ఆగలేదు. చూస్తే హార్న్ వాయించేవాళ్ళలో ఒకాయన కూడా బుగ్గలు పూరిస్తూనే కళ్ళతో నవ్వుతున్నాడు. చప్పట్ల మధ్య కండక్టర్ మొదట లేపింది ఫ్లూటు అమ్మాయిని, ఆ వెంటనే హార్న్‌ల వరుసనే.