అద్దె ఒక్కటే చూసి ఏరియా ఎంచుకోకండి

ఊరు మారేముందు చాలామంది ఏరియాల పేర్లు రాసుకుని, పక్కన సగటు అద్దె వేసుకుంటారు. ఆ సగటే తప్పుదారి పట్టిస్తుంది. పది ఇళ్లలో రెండు ఖరీదైనవి ఉన్నా చాలు, అంకె పైకెక్కి కూర్చుంటుంది. ఒక్కో ఏరియాకు 15 ప్రకటనలు తీసుకోండి. అన్నింటికీ గదుల సంఖ్య ఒకటే ఉండాలి, భవనాల వయసూ దగ్గరదగ్గరగా ఉండాలి. అద్దెలను తక్కువ నుంచి ఎక్కువకు పేర్చితే మధ్యలో పడే 8వ అంకెను నమ్మవచ్చు. అదైనా అడిగే ధరే, కుదిరే ధర కాదు. వారాల తరబడి కదలని ప్రకటన ఉంటే బేరానికి వీలుందనో, ఇంట్లో లోపం ఉందనో అర్థం.

ఆ తర్వాత అద్దెకు మెయింటెనెన్సు, నీళ్లు, కరెంటు, పార్కింగు, రోజూ తిరిగే ఖర్చు కలపండి. బ్రోకరేజీ, సామాను తరలింపు ఒక్కసారి పెట్టేవే అయినా, ఉండబోయే నెలలతో భాగించి ఇందులోనే వేయాలి. నెల అద్దె బ్రోకరేజీకి పోతే, ఏడాదికే ఖాళీ చేసేవాళ్లకు అద్దె 8 శాతం పైగా పెరిగినట్టే. మూడేళ్లు ఉంటే అది 3 శాతం లోపే. ఎన్నాళ్లుంటామో తేలకుండా రెండు ఏరియాలను పోల్చడం కుదరదు.

దూరాన్ని కిలోమీటర్లలో కాదు, నిమిషాల్లో లెక్కేయండి. మ్యాప్‌లో బయలుదేరే సమయం మార్చి, పనిరోజు ఉదయం ఎంత పడుతుందో, సాయంత్రం తిరిగి రావడానికి ఎంతో విడివిడిగా చూడండి. వెళ్లడానికి 20 నిమిషాలు, రావడానికి 20 నిమిషాలు ఎక్కువైతే 22 పనిరోజులకు 14 గంటల 40 నిమిషాలు. చవక అద్దె మిగిల్చింది ఈ గంటలకు సరిపోతుందా అన్నది ఎవరికి వాళ్లు తేల్చుకోవాల్సిందే. నా దృష్టిలో మాత్రం చిన్న పిల్లలున్న ఇంటికి సరిపోదు.

విస్తీర్ణం దగ్గరా జాగ్రత్త. ప్రకటనలో వేసే చదరపు అడుగుల్లో గోడల మందం, మెట్లు, లిఫ్టు వాటా కలిసి ఉండవచ్చు. టేపు పట్టుకెళ్లి గదులను లోపలి నుంచి కొలిచి, అద్దెను ఆ అంకెతో భాగించండి. చవకగా కనిపించిన ఇల్లు ఇక్కడే తిరగబడుతుంది.

ఇంటిని పగలు ఒకసారి, రాత్రి తొమ్మిది దాటాక ఒకసారి చూడాలి. వీలైతే వాన వెలిశాక కూడా. వీధి ఎటు వాలుగా ఉందో, నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయో అప్పుడే తెలుస్తుంది. గోడకు కింది మూడడుగులే కొత్త రంగు వేసి ఉంటే చెమ్మను కప్పిపెట్టారేమో అనుమానించండి. అక్కడ అరచెయ్యి ఆనించి చూడండి, బీరువా వెనక మూల వాసన చూడండి. కుళాయి తిప్పి 20 లీటర్ల బకెట్ నిండటానికి ఎంతసేపు పడుతుందో లెక్కేయండి, మధ్యలో ఫ్లష్ నొక్కండి. ధార సన్నబడితే ప్రెషర్ చాలడం లేదన్నమాట. పై అంతస్తయితే మధ్యాహ్నం మూడింటికి వెళ్లి పడమటి గోడను తాకండి. ఆ వేడి తర్వాత కరెంటు బిల్లులో కనిపిస్తుంది. తలుపులు మూసి ప్రతి గదిలోనూ ఫోన్ సిగ్నల్ చూసుకోండి.

ఒకే ఏరియాలో రెండు వీధుల మధ్యే ఇంత తేడా ఉండవచ్చు, కాబట్టి పట్టికలో ఏరియా పేరు కింద వీధి పేరు కూడా రాయండి. ఏదీ తేలకపోతే ముందు ఒక్క నెలకు చిన్న గది తీసుకుని, అక్కడి నుంచి వెతకడం మేలు.