రోహిణి కార్తెలో హార్డ్ డిస్కులు

మా స్టూడియో ఖమ్మంలో, మా ఇంటి డాబా మీద ఉంటుంది. మెట్లెక్కి రాగానే కెమెరాలూ లైట్లూ పెట్టుకునే చిన్న గది, దాని వెనక వీడియోలు ఎడిట్ చేసే మిక్సింగ్ గది. వెనక గదికి పైన ఇంకో అంతస్తు లేదు, స్లాబు నేరుగా ఎండలోనే. మే నెల మధ్యాహ్నం బయట 43, 44 డిగ్రీలున్నప్పుడు ఆ గదిలో చెయ్యి పైకెత్తితే అరచేతికి సెగ తగులుతుంది. పెళ్లిళ్ల పని కూడా అప్పుడే ఎక్కువ. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మా అమ్మమ్మ అనేది. ఆ ఎండల్లోనే, మూడేళ్ల కిందట, నా హార్డ్ డిస్కు పోయింది.

వైరా దగ్గర పెళ్లి. రెండు కెమెరాలు, రెండు రోజుల ఫుటేజ్, మొత్తం 600 జీబీ పైచిలుకు. ఆ వారంలోనే ఇంకో మూడు ఆర్డర్లు ఉండటంతో, కంప్యూటర్‌లోకి కాపీ కాగానే కెమెరా మెమరీ కార్డులు ఫార్మాట్ చేసి మళ్లీ వాడేశాం. రెండో కాపీ రేపు తీద్దాంలే అనుకున్నాను. మర్నాడు మధ్యాహ్నం అప్పగింతల క్లిప్పు ఎడిటింగ్ టైమ్‌లైన్ మీద పెట్టగానే కంప్యూటర్ బిగుసుకుపోయింది. పెట్టెలోంచి టిక్కు, టిక్కు అని, మధ్యలో చిన్న విరామంతో ఒకటే చప్పుడు. చదవలేని చోటికి డిస్కు మళ్లీ మళ్లీ వెళ్లి చదవబోతున్నప్పుడు వచ్చే చప్పుడది. మా పనిలో ఉన్నవాళ్లకి అది వింటే ఒళ్లు చల్లబడుతుంది.

ఆపేసి, పక్క తలుపు విప్పి, కేబుళ్లు పీకి డిస్కు బయటికి తీశాను. చేత్తో పట్టుకోలేకపోయాను. అప్పుడే టీ పోసిన స్టీలు గ్లాసుని నడుం దగ్గర పట్టుకుంటే ఎలా ఉంటుందో అలా కాలింది. టేబుల్ మీద కాగితం వేసి దాని మీద పెట్టాను.

ఆ రోజుదాకా నేను డిస్కు వేడి గురించి ఆలోచించిందే లేదు. ఆ క్యాబినెట్ ఇక్కడే ఒక షాపులో అసెంబుల్ చేయించుకున్నది. మంచి ప్రాసెసర్ అడిగాను, మంచి గ్రాఫిక్స్ కార్డు అడిగాను. ఫ్యాన్ల సంగతి నేను అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. వెనకవైపు ఒక్క ఫ్యాన్ ఉంది. ముందువైపు ఫ్యాన్ పెట్టుకోవడానికి జాగా ఉంది, స్క్రూ బెజ్జాలు కూడా ఉన్నాయి, ఫ్యాన్ మాత్రం లేదు. డిస్కులు కూర్చునేది సరిగ్గా ఆ ముందువైపే. మూడు డిస్కులు ఒకదాని మీద ఒకటి, మధ్యలో చిటికెన వేలు కూడా దూరదు. పోయింది మధ్యది. పైదీ కిందదీ రెండూ దాన్ని వెచ్చబెడుతున్నాయి, గాలి మాత్రం ఎటు నుంచీ లేదు.

వేడి వల్లే పోయిందని నేను రుజువు చేయలేను. నాలుగేళ్లు వాడిన డిస్కు, దానికి వేరే కారణాలూ ఉండొచ్చు. కానీ తర్వాత డిస్కు వేడి ఎంతుందో చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రామ్ వేసుకుని చూస్తే, గదిలో 37 డిగ్రీలున్నప్పుడు మిగిలిన రెండిట్లో ఒకటి 54, ఇంకోటి 55 చూపించింది. వాటి మధ్యలో ఉన్నది ఇంకెంత వేడెక్కి ఉంటుందో ఊహించుకోవచ్చు. డెస్క్‌టాప్ డిస్కుల స్పెసిఫికేషన్లలో మామూలుగా 60 డిగ్రీల దాకా పనిచేస్తుందని రాస్తారు. అది గీత. ఆ గీత పక్కనే వేసవంతా కాపురం ఉండమని కాదు.

ముందు ఆ ఫుటేజ్ సంగతి చెప్తాను. ఇంటర్నెట్‌లో వెతికితే డిస్కుని ఫ్రీజర్‌లో పెట్టమని చెప్పేవాళ్లు కనిపిస్తారు. దయచేసి ఆ పని చేయకండి. బయటికి తీయగానే మన గాలిలోని తడి దానికి పట్టేస్తుంది, లోపల డేటా ఉండే గుండ్రటి పళ్లేల మీద నీటి పొర ఏర్పడితే ఇక ఎవరూ ఏమీ చేయలేరు. నేను మా కిందింట్లోంచి టేబుల్ ఫ్యాన్ తెచ్చి, డిస్కుని పెట్టె బయటే ఉంచి, గాలి నేరుగా తగిలేలా పెట్టాను. రాత్రి పదకొండు దాటాక, గది కాస్త చల్లబడ్డాక మొదలుపెట్టి, తెల్లవారి ఎండెక్కేలోపు ఆపేసేవాణ్ణి. వాడింది డీడీరెస్క్యూ, పాడైన డిస్కులోంచి డేటా బయటికి తీసే ప్రోగ్రామ్. చెడ్డ చోట్లు తగిలితే అది అక్కడే కొట్టుకోకుండా వదిలేసి, ముందు బాగున్నవన్నీ చదివేసుకుంటుంది, చెడ్డవాటి దగ్గరికి ఆ తర్వాత వస్తుంది. మా అమ్మ ఒక రాత్రి పైకొచ్చి చూసి, "నువ్వు చెమటలు కక్కుతుంటే దానికెందుకురా ఫ్యాను?" అంది. "ఎవరి పెళ్లో ఉందమ్మా అందులో" అన్నాను. ఇంకేమీ అనకుండా కిందికెళ్లి మజ్జిగ తెచ్చిచ్చింది.

నాలుగు రాత్రులు పట్టింది. అంతా వచ్చింది, అప్పగింతల్లో పదకొండు నిమిషాలు తప్ప. పెళ్లికూతురి తండ్రికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత "పాప చేతులు పాలలో ముంచి అత్తగారి చేతుల్లో పెట్టినప్పటిది ఉందా బాబూ?" అని అడిగారు. ఆ ముక్క ఉంది. దాని తర్వాతదే లేదు. మా మనుషులు తీసిన ఫోటోలతో ఆ పదకొండు నిమిషాలు పూడ్చాను గానీ, ఆయన అడిగిన ఆ గొంతు నాకిప్పటికీ గుర్తే.

అప్పటి నుంచి గాలి గురించి పట్టించుకోవడం మొదలుపెట్టాను.

డిస్కు వేడెక్కడానికి పెద్ద కరెంటేమీ అక్కర్లేదు. పెద్ద సైజు డిస్కు తినేది ఐదు నుంచి పది వాట్ల మధ్య, ఒక మామూలు ఎల్‌ఈడీ బల్బంత. కానీ లోపల పళ్లేలు నిమిషానికి 5400 సార్లో 7200 సార్లో తిరుగుతూనే ఉంటాయి. మోటారు వేడి, గాలి రాపిడి వేడి అంతా ఆ లోహపు ఒంట్లోంచే బయటికి రావాలి. చుట్టూ గాలి నిలబడిపోతే, డిస్కు తన వేడిలో తనే ఉడుకుతుంది. ఆ గాలి కొంచెం కదిలితే చాలు. హోరుగాలి అవసరం లేదు. ఇది నేను కళ్లారా చూసిన విషయం: 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ముందువైపు బిగించి నిమిషానికి 1200 చుట్ల మీద తిప్పినా, 800 చుట్ల మీద తిప్పినా డిస్కులో తేడా రెండు డిగ్రీలే. అసలు ఫ్యాన్ లేకపోవడానికీ 800కీ మధ్య తేడా మాత్రం పదకొండు డిగ్రీలు.

ఫ్యాన్ ఏం చేయలేదో కూడా తెలుసుకోవాలి. గది 37 ఉంటే డిస్కుని 35కి తేవడం ఏ ఫ్యాన్ వల్లా కాదు. గదికీ డిస్కుకీ మధ్య ఉన్న దూరాన్ని తగ్గించడమే దాని పని. నా దగ్గర ఆ దూరం పద్దెనిమిది డిగ్రీల నుంచి ఏడుకి వచ్చింది. అంతకన్నా కావాలంటే గదినే చల్లబరచాలి.

గూగుల్ వాళ్లు 2007లో లక్షకు పైగా డిస్కుల మీద చేసిన పరిశీలన బయటపెట్టారు. వేడికీ డిస్కులు పోవడానికీ అందరూ అనుకున్నంత గట్టి సంబంధం కనిపించలేదని అందులో తేలింది. ఇది పట్టుకుని నాతో వాదించినవాళ్లున్నారు. ఆ మాట నిజమే. కానీ అదే పరిశీలనలో, మూడేళ్లు దాటిన డిస్కుల్లో వేడి ఎక్కువున్నవి ఎక్కువగా పోయాయని కూడా ఉంది. పైగా అవి డేటా సెంటర్లో, గాలి ఆగకుండా ఆడే చోట ఉన్న డిస్కులు. మా స్లాబు కింద, ముందు ఫ్యాన్ లేని పెట్టెలో, 55 దగ్గర మధ్యాహ్నాలు గడిపే నాలుగేళ్ల డిస్కు గురించి అది నాకు ధైర్యం చెప్పదు. అలాగని 30కి తేవాలని ఆరాటపడటం కూడా అనవసరం. నలభైల్లో ఉంటే నేను నిశ్చింతగా నిద్రపోతాను.

ఫ్యాన్ బిగించేటప్పుడు నేను మొదట చేసిన తప్పు దిక్కు. ముందు ఫ్యాన్ గాలిని లోపలికి లాగాలి, వెనకది బయటికి తోయాలి. నేను తిరగేసి బిగించాను. రెండూ బయటికే తోస్తున్నాయి, డిస్కులు రెండు డిగ్రీలే తగ్గాయి. కొన్ని ఫ్యాన్ల అంచు మీద బాణం గుర్తు ఉంటుంది. లేకపోతే, మధ్యలో మోటారుని పట్టుకునే కడ్డీలు ఏ వైపున్నాయో చూడండి, గాలి ఆ వైపు నుంచే బయటికి వస్తుంది. అనుమానంగా ఉంటే అగరుబత్తి వెలిగించి ముందు జాలీ దగ్గర పెట్టండి. పొగ సన్నటి దారంలా లోపలికి లాక్కుపోవాలి. మా దగ్గర పనిచేసే కుర్రాడు అది చూసి "అన్నా, ఇప్పుడు పీలుస్తోంది" అన్నాడు. ఆ సాయంత్రానికి డిస్కులు 44కి దిగాయి.

స్క్రూలకు బదులు రబ్బరు పిన్నులతో బిగించాను. డిస్కు లోపల చదివే తల పళ్లేనికి కొన్ని నానోమీటర్ల ఎత్తులోనే తేలుతూ ఉంటుంది. ఫ్యాన్ అదురు డిస్కు బోనుకి తగలకపోతేనే మంచిది. ఇంకొకటి, చాలా డిస్కుల పైన ఒక చిన్న బెజ్జం ఉంటుంది, దాన్ని మూయవద్దని పక్కనే రాసి ఉంటుంది. లోపలి గాలీ బయటి గాలీ ఒత్తిడి సమం చేసుకునే దారి అది. కస్టమర్ పేరు రాసిన స్టిక్కర్లు డిస్కుల మీద అతికించే అలవాటు మాకుంది. ఇప్పుడు బెజ్జం ఎక్కడుందో చూసుకునే అతికిస్తున్నాం.

గాలితో పాటు దుమ్ము కూడా వస్తుంది. మా వీధిలో సిమెంటు పని ఆగింది లేదు. ముందు జాలీకి కిటికీలకి కొట్టే దోమల మెష్ ముక్క కత్తిరించి పెట్టాను, పదిహేను రోజులకోసారి తీసి కడుగుతాను. అది నిండిపోతే ఫ్యాన్ తిరుగుతున్నా గాలి రాదు, డిస్కు వేడి మూడు నాలుగు డిగ్రీలు పెరిగిందంటే నాకు ముందు గుర్తొచ్చేది మెష్షే. బ్లోయర్‌తో లోపల ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకుని ఊదండి, గాలికి అది అదుపు లేకుండా తిరిగితే బేరింగ్ పాడవుతుంది.

ఎయిర్ కూలర్‌ని మాత్రం కంప్యూటర్ మీదికి తిప్పడం మానేశాను. అది తెచ్చేది తడిగాలి. మనిషికి హాయిగా ఉంటుంది, బోర్డులకీ కనెక్టర్లకీ మంచిది కాదు. ఇప్పుడు కూలర్ కిటికీ వైపు, కంప్యూటర్ ఎదుటి గోడకి.

కరెంటు పోయినప్పుడు ఏం జరుగుతుందో గమనించారా? యూపీఎస్ మీద కంప్యూటర్ నడుస్తూనే ఉంటుంది, సీలింగ్ ఫ్యానూ కూలరూ ఆగిపోతాయి. పని ఆగలేదు కదా అని సంతోషిస్తాం. మూసిన గదిలో ఇరవై నిమిషాలకే డిస్కులు వేడెక్కడం మొదలుపెడతాయి. ఇప్పుడు కరెంటు పోతే రెండర్ (ఎడిట్ చేసింది వీడియోగా తయారయ్యే పని) ఆపి, సేవ్ చేసి, తలుపు తెరుస్తున్నాం.

ఎక్స్‌టర్నల్ డిస్కుల సంగతి ఇంకా కష్టం. ప్లాస్టిక్ డబ్బాలో ఉంటాయి, ఫ్యాన్ ఉండదు. పెళ్లి మొత్తం రాత్రంతా కాపీ పెడితే అదే పనిగా వేడెక్కుతాయి. వాటిని బట్ట మీదా కాగితాల దొంతర మీదా పెట్టకుండా, విడిగా, యూఎస్‌బీ చిన్న ఫ్యాన్ ఎదురుగా పెడుతున్నాను. రెండో కాపీ మాత్రం ఏ ఆర్డర్ ఉన్నా అదే రాత్రి అయిపోవాలి, అప్పటిదాకా కార్డు ఫార్మాట్ చేయనివ్వను.

నిన్న మధ్యాహ్నం రెండున్నరకి గదిలో 37. డిస్కులు పై నుంచి కిందికి 43, 45, 44. మధ్యది ఇప్పటికీ ఎక్కువే. ఈ సీజన్ అయ్యాక క్యాబినెట్ మార్చి, డిస్కుకీ డిస్కుకీ మధ్య ఒక అర ఖాళీ వదలాలి.