నీళ్ళ లెక్క వేసుకుని ఎడారికి

2023 డిసెంబరు మొదటి వారం. మిచౌంగ్ తుపాను నెల్లూరును ముంచెత్తి, పైకి పోయి బాపట్ల దగ్గర తీరం దాటింది. మా వీధిలో మోకాళ్ళ దాకా నీళ్ళు నిలబడ్డాయి. కరెంటు వచ్చి ఫోను ఛార్జింగ్ ఎక్కగానే అమెరికా నుంచి అక్క వీడియో కాల్ చేసింది. క్షేమ సమాచారాలయ్యాక, "మార్చిలో పిల్లలకు సెలవులిస్తారురా. అమ్మను తీసుకుని మీరిద్దరూ రండి. అందరం కార్లో ఎడారి చూసొద్దాం" అంది. వాకిట్లో బురద ఇంకా ఎత్తలేదు, అప్పుడే ఎడారి మాట! నేను నవ్వేశాను. అమ్మ మాత్రం నవ్వలేదు. ఫోను దగ్గరికి జరిగి, "అక్కడ నీళ్ళెక్కడ దొరుకుతాయంట?" అని అడిగింది.

నెల్లూరు అనగానే అందరికీ పెన్నా, వరిమళ్ళు, రొయ్యల చెరువులు గుర్తొస్తాయి. అమ్మది ఉదయగిరి దగ్గర మెట్ట పల్లె. దుత్తలూరు, వరికుంటపాడు వైపు పోతే నేల ఎర్రగా, రాళ్ళతో, వాన కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. చిన్నప్పుడు అమ్మ రెండు కిలోమీటర్లు నడిచి బిందె తెచ్చేదట. ఇప్పుడు ఆమెకు 74 ఏళ్ళు. ఇప్పటికీ మా ఇంట్లో కొళాయి కారితే అందరికంటే ముందు లేచేది ఆమే.

అక్క వాళ్ళు అరిజోనాలో, ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో ఉంటారు. మాకూ వాళ్ళకూ పన్నెండున్నర గంటల తేడా. అక్కకు రాత్రి తొమ్మిదైతే మాకు మర్నాడు ఉదయం తొమ్మిదిన్నర. రోజూ ఆ వేళకు నేను కాఫీ గ్లాసుతో, బావ మ్యాపుతో కూర్చునేవాళ్ళం. అమెరికా నైరుతి మూలన మూడు ఎడారి పార్కులు అనుకున్నాం. టూసాన్ దగ్గర సవారో, కాలిఫోర్నియాలో జాషువా ట్రీ, ఆపైన డెత్ వ్యాలీ. ఈ మూడూ 1994లోనే నేషనల్ పార్కులయ్యాయి. ఫిబ్రవరి సగం నుంచి ఏప్రిల్ సగం దాకా అక్కడ తిరగడానికి మంచి కాలం. మే దాటితే డెత్ వ్యాలీలో పెద్దవాళ్ళతో తిరగడం ప్రమాదమే. భూమ్మీద రికార్డయిన అతి ఎక్కువ వేడి, 56.7 డిగ్రీలు, 1913 జూలై 10న అక్కడే నమోదైంది.

తేదీలు అమ్మే కుదిర్చింది. మార్చి 8 మహాశివరాత్రి. ఆ రోజు ఉపవాసం, జాగారం ఇంట్లోనే ఉండాలి. 10న అమావాస్య. అది విని బావ ఎగిరి గంతేశాడు. ఎడారిలో నక్షత్రాలు చూడాలంటే చంద్రుడు ఉండకూడదు కదా!

ఇక నీళ్ళు. మనిషికి రోజుకు కనీసం ఒక గాలన్, అంటే సుమారు 3.8 లీటర్లు తీసుకెళ్ళమని పార్కు వాళ్ళే చెబుతారు. మేం ఏడుగురం. ఐదు రోజులకు 35 గాలన్లు. వంద కిలోలు దాటే బరువు! అంత బరువుతో ఏడు సీట్ల బండిలో సామాను పట్టదు. దారిలో నింపుకోవచ్చని బావ, కుదరదని అమ్మ. చివరికి రెండు రోజులకు సరిపడా 14 గాలన్లు ఎప్పుడూ బండిలో ఉండాలి, నీళ్ళు దొరికిన ప్రతిచోటా నింపాలి అని తేల్చారు. పెట్రోలుకూ అదే లెక్క, సగం ట్యాంకు కిందికి దిగకూడదు. జాషువా ట్రీ పార్కు లోపల పెట్రోలు బంకు లేదు, తిండి దొరకదు, ఫోను సిగ్నల్ చాలాచోట్ల రాదు. నీళ్ళు గేట్ల దగ్గరా అంచుల్లో ఉన్న కొన్ని చోట్లా తప్ప ఉండవు. అందుకే మ్యాపులన్నీ ముందే ఫోనులో దించుకున్నాం, ఒక కాగితం మ్యాపు కూడా పెట్టుకున్నాం.

ఒక పొరపాటు జరిగింది. 'డెత్ వ్యాలీ పక్కనే' అని ఒక సైట్లో చూసి నేను తీసుకున్న రూములు పార్కు నుంచి గంటన్నర దూరంలో ఉన్నాయి. సగం డబ్బులు పోయాయి. తర్వాత నెవాడా వైపు బియట్టీ అనే చిన్న ఊర్లో తీసుకున్నాం. అక్కణ్ణుంచి పార్కు మధ్యలోకి ముప్పావు గంట. మీరు వెళ్తే ఊరి పేరు చూసి కాదు, మైళ్ళు చూసి బుక్ చేయండి.

అక్క రాసిన సామాన్ల చీటీలో చివరన 'దువ్వెన, రెండు' అని ఉంది. ఎందుకని అడిగితే, "అక్కడికి పోయాక తెలుస్తుంది" అంది.

శివరాత్రి మర్నాడు సవారోకు వెళ్ళి సాయంత్రానికి వచ్చేశాం. ఒక్క పూట చాలదు దానికి. కొండ వాలు నిండా నిలువెత్తు కాక్టస్‌లు, రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డ జనంలాగా ఉన్నాయి. వాటి ఒంటి మీద నిలువునా మడతలుంటాయి. వాన పడినప్పుడు ఆ మడతలు విచ్చుకుని నీళ్ళు నింపుకుంటాయి, ఎండాకాలంలో మళ్ళీ ముడుచుకుంటాయి. మొదటి కొమ్మ వేయడానికి 50 నుంచి 75 ఏళ్ళు పడుతుంది. బతికేది 150 ఏళ్ళ పైనే. "అయితే నా వయసుకు ఇదింకా మొదటి చెయ్యి ఎత్తుతా ఉందన్నమాట" అని అమ్మ ఒక చిన్న కొమ్మను చాలాసేపు చూసింది.

ఆదివారం తెల్లవారుజామున అసలు ప్రయాణం మొదలైంది. పులిహోర, పెరుగన్నం, ఊరమిరపకాయలు, మేం తెచ్చిన నిమ్మకాయ పచ్చడి అన్నీ వెనక సీటు కింద సర్దాం. నాలుగు గంటల్లో జాషువా ట్రీకి దక్షిణాన ఉన్న కాటన్‌వుడ్ గేటు చేరాం. అక్కడ నీళ్ళు నింపుకున్నాం. రోడ్డు పక్కన ఊదా, పసుపు పూలు అక్కడక్కడా పూసి ఉన్నాయి. ఈ పార్కులో రెండు ఎడారులు కలుస్తాయి. దక్షిణాన పల్లపు కొలరాడో ఎడారి, ఉత్తరాన ఎత్తయిన మొహావీ. పల్లంలో ఒక్క జాషువా చెట్టూ ఉండదు. గంటసేపు ఎక్కుతూ పోతే ఉన్నట్టుండి అంతటా అవే.

ఆ మధ్యలో చోయా కాక్టస్ తోట ఉంది. సాయంత్రపు వెలుగులో ముళ్ళన్నీ బంగారు నూగులా మెరుస్తాయి. ముట్టుకుంటే మెత్తగా ఉంటుందేమో అనిపిస్తుంది. మా చిన్న మేనల్లుడు దారి అంచున నడుస్తూ, బూటుకు అంటుకున్న ఒక ముక్కను రెండో కాలితో తోయబోయాడు. అది పిక్కకు పట్టుకుంది. ఒక్క అరుపు అరిచాడు. నిమ్మకాయంత ముక్క, ఒళ్ళంతా ముళ్ళు, ఒక్కో ముల్లు చివర కంటికి కనపడని కొక్కేలు. చేత్తో లాగితే చేతికి దిగుతుంది. బావ పరుగెత్తుకొచ్చేలోగా అమ్మ కింద కూర్చుని, దువ్వెన పళ్ళను ముక్కకూ చర్మానికీ మధ్య నిదానంగా దూర్చి ఒక్క విదిలింపుతో ఎగరగొట్టింది. అది అల్లంత దూరాన పడింది. మిగిలిన నాలుగు ముళ్ళు పట్టకారుతో తీశాం. "కంపలో తిరిగినదాన్ని, నాకు తెలీదా" అంటూ వాడి కాలు నిమిరింది.

ఆ రాత్రి ట్వెంటీనైన్ పామ్స్‌లో రూములో సామాను పడేసి, శాలువాలు కప్పుకుని మళ్ళీ పార్కులోకి వెళ్ళాం. బండి లైట్లు ఆర్పగానే ఎవరం మాట్లాడలేదు. ఆకాశం అంత దగ్గరగా నేను ఎప్పుడూ చూడలేదు. పెద్దోడు ఫోను యాప్ తెరవబోతే అమ్మ వద్దని చెయ్యి పైకెత్తింది. "అదిగో గొల్లకావడి. ఆ గుంపు పిల్లల కోడి. ఇటు చూడు, సప్తర్షులు." అమెరికాలో పుట్టిన పిల్లలు ఆ పేర్లు ఒక్కొక్కటే తిరిగి పలికారు. మా ఆవిడ చీకట్లోనే కళ్ళు తుడుచుకుంది. తన పల్లె మేడ మీద కూడా ఒకప్పుడు ఇలాగే కనిపించేవట.

సోమవారం పొద్దున చూసిన బార్కర్ డ్యాం ఈ యాత్రలో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు. పెద్ద గుండ్రాళ్ళ మధ్య నుంచి మైలు పైచిలుకు నడక. అమ్మ మోకాళ్ళ నొప్పితో ఆగి ఆగి వచ్చింది. రెండు బండల సందులో అడ్డంగా చిన్న కట్ట, వెనక కొంచెం నీళ్ళు. 1900 ప్రాంతంలో పశువులు మేపుకునేవాళ్ళు వాన నీళ్ళు పట్టుకోవడానికి కట్టారు. తర్వాత 1949లో బిల్ కీస్ అనే రైతు దాన్ని ఇంకొంచెం ఎత్తు లేపాడు. కింద భాగం ఒక రకం, పైభాగం ఒక రకం, చూస్తేనే తెలిసిపోతుంది. కట్ట కింద పశువులు తాగడానికి గుండ్రని తొట్టి.

"ఏందబ్బయా, ఇది మన కుంట గదా!" అంది అమ్మ. కట్ట మీద అరచెయ్యి పెట్టి, అతుకు దగ్గర వేలితో గీస్తూ, తూము ఎక్కడుంది, అలుగు ఎటు పారుతుంది అని అడిగింది. కట్ట చివర్ల దాకా చూసొచ్చింది. ఎత్తు ఎందుకు పెంచారో నేను చెప్పబోతే, "మేట వేసుంటుంది. పూడిక తీసే దానికంటే కట్ట లేపడం సులువు" అని తనే అనేసింది. కీస్ అదే కారణంతో లేపాడో లేదో గానీ, కుంటలో నీళ్ళు తగ్గిపోయిన బాధ తెలిసిన మనిషి మాట అది. గంట సేపు అక్కడే కూర్చున్నాం.

మంగళవారం ఉత్తరానికి బయల్దేరాం. మైళ్ళ తరబడి ఊరు లేదు, చెట్టు లేదు. బేకర్ అనే ఊర్లో 134 అడుగుల థర్మామీటరు నిలబెట్టారు. 1913 నాటి రికార్డు వాళ్ళ లెక్కలో 134 డిగ్రీల ఫారన్‌హీట్, అందుకే ఆ ఎత్తు. అక్కడ ట్యాంకు నింపి, డబ్బాలు నింపి ముందుకు సాగాం.

డెత్ వ్యాలీకి మాకు దారి ముందే తేలిపోయింది. 2023 ఆగస్టు 20న హిలరీ తుపాను వల్ల పార్కు మధ్యలో ఉన్న ఫర్నెస్ క్రీక్‌లో ఒక్క రోజులో 2.2 అంగుళాల వాన పడింది. మనకు తుపాను వస్తే ఒక పూటలో పడే వాన అది. అక్కడ ఏడాదంతా పడేదే రెండంగుళాలు. రోడ్లు తెగిపోయి పార్కు దాదాపు రెండు నెలలు మూసేశారు. మేం వెళ్ళేనాటికి కూడా కొన్ని రోడ్లు తెరవలేదు. ప్రతి రెండు రోజులకూ పార్కు ప్రకటనలు చూసి, తెరిచి ఉన్న 190 నంబరు రోడ్డునే నమ్ముకున్నాం. కొండల్లో, ఎడారుల్లో మ్యాపు చూపించేది ఒకటి, వాన మిగిల్చేది ఒకటి.

అదే వాన మాకు ఒక అద్భుతం చూపించింది. బ్యాడ్‌వాటర్ అనే చోటు సముద్ర మట్టానికి 282 అడుగుల కింద ఉంటుంది. పక్కనున్న కొండ మీద చాలా ఎత్తున 'సముద్ర మట్టం' అని బోర్డు కట్టారు. మామూలుగా అక్కడ కనుచూపు మేర తెల్లటి ఉప్పు నేలే. హిలరీ వాన, ఫిబ్రవరిలో మళ్ళీ పడిన వాన కలిసి అక్కడ చెరువు నిలబెట్టాయి. ఫిబ్రవరిలో జనం పడవలు కూడా వేసుకున్నారు. నెలాఖరున ఈదురుగాలి నీళ్ళను ఉత్తరానికి నెట్టేసి, లోతు తగ్గించింది. మేం వెళ్ళేసరికి పాదాలు మునిగేంత. ఆ నీళ్ళలో మంచు కప్పిన కొండలు తలకిందులుగా కనిపించాయి.

అమ్మ అంచున వంగి వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. "ఇస్కపల్లి ఉప్పు మడి నీళ్ళకంటే కటికగా ఉండాయి" అంది. ఆ రోజు ఎండ 28 డిగ్రీలు. మే నెల నెల్లూరు చూసిన ఆమెకు అది ఎండే కాదు. అయినా గాలికి చెమట ఆరిపోతుంది కాబట్టి దాహం తెలియదు. అందుకని గంటకోసారి ఆమె అందరికీ ఉప్పు వేసిన మజ్జిగ గ్లాసులు అందించింది.

ఇసుక తిన్నెల దగ్గర ఇంకో వింత. మెస్కీట్ ఫ్లాట్ అంటారు ఆ చోటును. అక్కడున్న చెట్టును చూడగానే అమ్మా నేనూ ఒకేసారి "సర్కారు తుమ్మ!" అన్నాం. నిజానికి అది మెస్కీట్. మన బీళ్ళను, చెరువు గర్భాలను ఆక్రమించిన సర్కారు తుమ్మకు దాయాది. మన దగ్గరికి వచ్చింది కూడా అమెరికా ఖండాల నుంచే. మనం దాన్ని తిట్టుకుంటూ బొగ్గులు కాల్చుకుంటాం. ఈ లోయలో తరతరాలుగా ఉంటున్న టింబిషా షోషోని జనం దాని కాయలు దంచి పిండి చేసుకుని తిన్నారు. వాళ్ళ ఊరు ఇప్పటికీ ఫర్నెస్ క్రీక్‌లో ఉంది. "ఈ ఎడారిలో ఎవరుంటార్లే అనుకున్నా" అని అమ్మ ఆ ఇళ్ళవైపు చాలాసేపు చూసింది. పుట్టిన చోట ఆ చెట్టు ఇసుకను పట్టుకుని, పక్షికి నీడనిచ్చి, ఒద్దికగా నిలబడి ఉంది. నాకు దాని మీదున్న కోపం సగం పోయింది.

గురువారం లాస్ వేగాస్ పక్కనుంచి, హూవర్ డ్యాం మీదుగా తిరిగొచ్చాం. సోమశిల చూసిన కళ్ళకు కూడా అది పెద్దదే. కానీ జలాశయం చుట్టూ రాళ్ళ మీద, నీళ్ళు దిగిపోయిన మేరకు తెల్లటి పట్టీ ఉంది. అది చూశాక ఎవరికీ ఫోటోలు దిగాలనిపించలేదు.

రాత్రి తొమ్మిదికి చాండ్లర్‌లో బండి దించుతుంటే డబ్బాల్లో ఇంకా ఆరు గాలన్ల నీళ్ళు మిగిలాయి. బావ సింకులో పోయబోయాడు. అమ్మ ఆయన చేతిలో డబ్బా తీసుకుని పెరట్లోకి నడిచింది. అక్కడ అక్క నాటిన నిమ్మచెట్టు ఉంది. నేను ఫోను వెలుగు చూపిస్తే, చుట్టూ మట్టిని చేత్తో జరిపి పాదు చేసి, ఒక్కో డబ్బా నిదానంగా వంచింది. నేల గుటకలేసినట్టు పీల్చుకుంది. చివరి డబ్బాను బోర్లించి, రెండుసార్లు తట్టి, ఆ చుక్కలు కూడా పడ్డాకే లోపలికి వచ్చింది.