చిగుళ్ళకు ఎండ తగలదు కదా

మొదట నీరసం. మెట్లెక్కితే కళ్ళు తిరిగేవి. పొద్దున్నే వికారం. అన్నం సయించదు, ఊరగాయ మాత్రం ఎంతైనా తినాలనిపించేది. మా అత్తయ్య వేవిళ్ళేమోనని సంబరపడింది. టెస్టు చేయిస్తే కాదని తేలింది. జాకెట్లు వదులైపోతున్నాయి, ముఖం నల్లబడుతోంది. "ఎండన పడి తిరిగితే నల్లబడవూ!" అంది అమ్మ. ఒక డాక్టరు గ్యాస్ మాత్రలిచ్చారు. ఇంకొకరు బి12 ఇంజెక్షన్లు రాశారు. బి12 తగ్గినా వేళ్ళ కణుపులు నల్లబడతాయి కాబట్టి ఆ అనుమానం సబబే, కానీ నాకు గుణం కనిపించలేదు.

చివరికి ఖమ్మంలో ఒక పెద్దాయనకు చూపించుకున్నాం. ఆయన రిపోర్టుల ఫైలు పక్కన పెట్టి, "ఇలా వెలుతుర్లోకి రామ్మా" అన్నారు. అరచేతులు చాపమన్నారు. గీతలన్నీ కాటుకతో దిద్దినట్టున్నాయి. కింది పెదవి మడిచి చూశారు. చిగుళ్ళ మీద నీలం కలిసిన నల్లమచ్చలు! అవి ఉన్నట్టే నాకు తెలియదు. "చిగుళ్ళకు ఎండ తగలదు కదమ్మా" అన్నారు. నిరుడు చెల్లి పెళ్ళిలో తీసిన ఫొటో ఫోన్లో చూసి, నా ముఖం చూశారు. పడుకోబెట్టి బీపీ చూశారు, నిలబెడితే బాగా పడిపోయింది. "ఉప్పు తినాలనిపిస్తోందా?" అని అడిగేసరికి నాకు ఏడుపు ఆగలేదు.

ఆయన అనుమానించింది అడిసన్స్ వ్యాధి. 1855లో లండన్ గైస్ ఆసుపత్రి వైద్యుడు థామస్ అడిసన్ వర్ణించిన జబ్బు. కిడ్నీల పైనుండే అడ్రినల్ గ్రంథులు దెబ్బతిని, అవి తయారుచేసే కార్టిసాల్ అనే హార్మోను తగ్గిపోతుంది. దాన్ని పెంచాలని మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి వదిలే హార్మోనే చర్మాన్నీ నల్లబరుస్తుంది. ఉప్పు ఒంట్లో నిలవదు, అందుకే ఊరగాయ మీద ఆ యావ. పొద్దుటి కార్టిసాల్ పరీక్షలో, రక్తంలో సోడియం తగ్గి పొటాషియం పెరగడంలో అదే బయటపడింది. స్కాన్‌లో గ్రంథులు వాచి ఉన్నాయి. కారణం టీబీ.

కార్టిసాల్ లోటు తీర్చే హైడ్రోకార్టిసోన్ మాత్రలు మొదలుపెట్టిన కొద్దిరోజులకే లేచి వంట చేసుకోగలిగాను. టీబీ మందుల్లోని రిఫాంపిసిన్ ఆ మాత్రల బలాన్ని తగ్గిస్తుందని డోసు పెంచారు. టీబీ నయమైంది, గ్రంథులు మాత్రం కోలుకోలేదు. ఈ మాత్రలు జీవితాంతం వేసుకోవాలి.

మన చామనఛాయలో ఈ నలుపు ఎండ ఖాతాలో పోతోందనే నా బాధ. ఎండ తగలని చోట కూడా నల్లబడితే, దానికి నీరసం, బరువు తగ్గడం తోడైతే, దయచేసి డాక్టరుకు చూపించండి.

ముఖం చాలావరకు తేటబడింది. జ్వరమొస్తే డోసు రెట్టింపు చేస్తాను. వాంతులై మాత్ర నిలవకపోతే 100 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ చేయించాలని మావారికీ తెలుసు, ఆ సంగతి రాసిన కార్డు నా పర్సులోనే ఉంటుంది.