టెక్సస్‌లో హెంప్ నూనె కొనే ముందు

డాలస్ చుట్టుపక్కల మన తెలుగువాళ్ల ఇళ్లకు వేసవిలో అమ్మానాన్నలు వచ్చారంటే మోకాళ్ల నొప్పుల ప్రస్తావన రావడం, అది రాగానే ఎవరో ఒకరు గంజాయి జాతికే చెందిన హెంప్ మొక్క నుంచి తీసే సీబీడీ నూనె పేరెత్తడం మామూలైపోయింది. నిద్ర పట్టడం లేదన్నవారికి గమ్మీలు (నమిలే మిఠాయిలు), మెడ పట్టేసిందన్నవారికి పైపూత క్రీము, ఇలా సలహాలకు కొదవ ఉండదు. నేను వైద్యురాలిని కాను, న్యాయవాదినీ కాను. ఆహార పదార్థాల నాణ్యత పరీక్షల విభాగంలో పనిచేస్తాను కనుక ల్యాబ్ నివేదికలు చదవడం నాకు రోజువారీ పని. ఈ సరుకులు ఎక్కడ కొనాలి, ఏం చూసి కొనాలి అని తెలిసినవాళ్లు తరచూ అడుగుతున్నందువల్ల, టెక్సస్‌కు సంబంధించినంత వరకు నాకు తెలిసినది ఇక్కడ రాస్తున్నాను.

ఈ వ్యాపారమంతా ఒక్క అంకె మీద నిలబడింది. 2018 డిసెంబరులో వచ్చిన ఫెడరల్ వ్యవసాయ చట్టం, గంజాయి మొక్కలో డెల్టా-9 టీహెచ్‌సీ ఎండు బరువులో 0.3 శాతానికి మించకపోతే దానిని హెంప్‌గా పరిగణించాలని చెప్పింది. మత్తు కలిగించేది ఆ టీహెచ్‌సీయే. సీబీడీకి ఆ గుణం లేదు. 2019లో టెక్సస్ శాసనసభ హౌస్ బిల్లు 1325 ద్వారా అదే నిర్వచనాన్ని స్వీకరించి, తినే, తాగే, పూసుకునే హెంప్ సరుకుల పర్యవేక్షణను రాష్ట్ర ఆరోగ్య సేవల శాఖకు అప్పగించింది.

0.3 శాతం అనగానే లేనట్టే అనిపిస్తుంది గానీ, లెక్క వేసి చూస్తే సంగతి వేరు. ఒక గమ్మీ బరువు 4 గ్రాములనుకుంటే అందులో 0.3 శాతం అంటే 12 మిల్లీగ్రాములు. అలవాటు లేని మనిషికి మత్తు తెలియడానికి 5 మిల్లీగ్రాములే చాలు. పానీయాల సంగతి ఇంకా విచిత్రం: 355 మిల్లీలీటర్ల డబ్బాలో ఆ శాతం ప్రకారం గ్రాముకు పైగా టీహెచ్‌సీ పట్టించవచ్చు. మొక్కను దృష్టిలో పెట్టుకుని రాసిన కొలతను మిఠాయికి, సోడాకు వర్తింపజేయడంతో వచ్చిన చిక్కు ఇది. దీనికి తోడు సీబీడీని ఆమ్లాలతో మార్చి తయారుచేసే డెల్టా-8, కాల్చినప్పుడు టీహెచ్‌సీగా మారే టీహెచ్‌సీఏ పువ్వులు కూడా ఇదే గొడుగు కిందికి వచ్చి చేరాయి. కనుక ‘హెంప్ నుంచి తీసినది, చట్టబద్ధం’ అన్న ముద్ర సీసా మీద ఉన్నంత మాత్రాన మత్తు ఉండదని అనుకోకూడదు.

అందుకే రాష్ట్రం పట్టు బిగించింది. 2025లో టీహెచ్‌సీ సరుకులన్నిటినీ నిషేధించే సెనేట్ బిల్లు 3ను లెఫ్టినెంట్ గవర్నర్ డాన్ పాట్రిక్ పట్టుబట్టి సభల్లో నెగ్గించగా, గవర్నర్ గ్రెగ్ ఆబట్ జూన్‌లో గడువు ముగియబోతున్న రాత్రి దానిని తిరస్కరించారు. ఆ తర్వాత ప్రత్యేక సమావేశాల్లోనూ ఏకాభిప్రాయం కుదరలేదు. చివరికి సెప్టెంబరు 10న గవర్నర్ ఉత్తర్వు వచ్చింది. దాని ప్రకారం 21 ఏళ్లు నిండనివారికి ఈ సరుకులు అమ్మకూడదు, కొనేవారి గుర్తింపు కార్డు చూడాలి, ఉల్లంఘించిన దుకాణం లైసెన్సు పోగొట్టుకోవచ్చు. అంతకుముందే, సెప్టెంబరు 1 నుంచి, సీబీడీ, టీహెచ్‌సీ వంటివి ఉన్న వేప్‌ల (ఆవిరి పీల్చే ఎలక్ట్రానిక్ సిగరెట్ల) అమ్మకం వేరే చట్టం కింద నేరమైంది. కాబట్టి ఇప్పటికీ ఎవరైనా బల్ల కింద నుంచి వేప్ తీసి చూపిస్తున్నారంటే, ఆ దుకాణంలో మిగతా సరుకు మీద కూడా నమ్మకం పెట్టుకోనక్కరలేదు. వయసు అడగని దుకాణానికీ ఇదే మాట వర్తిస్తుంది. తల నెరిసిన నాన్నగారిని కార్డు అడిగితే ఆయన చిన్నబుచ్చుకోవచ్చు గానీ, నా దృష్టిలో ఆ దుకాణానికి అది మంచి గుర్తే.

హెంప్ సరుకులు అమ్మే ప్రతి దుకాణం ఆరోగ్య శాఖ దగ్గర నమోదు కావాలి. ఒకే యజమానికి నాలుగు దుకాణాలుంటే నాలుగింటికీ విడివిడిగా నమోదు ఉండాలి, కనుక ఫలానా గొలుసు దుకాణానికి అనుమతి ఉందట అన్న మాట సరిపోదు. మనం నిలబడిన చిరునామాకు ఉందా అన్నది చూడాలి. ఆ పత్రం చూపించమని అడగడంలో మొహమాటం అక్కరలేదు. నమోదు రుసుము మొదట్లో ఏడాదికి 155 డాలర్లే ఉండేది. దానిని ఏకంగా 20,000 డాలర్లకు పెంచాలని 2025 చివర్లో శాఖ ప్రతిపాదించడంతో చిన్న వ్యాపారులు గగ్గోలు పెట్టారు. ఇలాంటి మార్పుల మధ్య నిరుడు నమోదైన దుకాణం ఈ ఏడాదీ నమోదై ఉంటుందన్న హామీ లేదు, కనుక కొన్న ప్రతిసారీ చూసుకోవడమే మేలు.

అయితే నమోదు పత్రం చెప్పేది ఏదైనా జరిగితే ఎవరిని నిలదీయాలో మాత్రమే. సీసాలో ఏముందో చెప్పేది బ్యాచ్ పరీక్ష నివేదిక. 2017లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో, ఆన్‌లైన్‌లో కొన్న 84 సీబీడీ సరుకుల్లో 26 మాత్రమే లేబుల్ మీద చెప్పిన మోతాదుకు సరిపోయాయి. 18 సరుకుల్లో టీహెచ్‌సీ బయటపడింది. టెక్సస్ నిబంధనల ప్రకారం లేబుల్ మీద బ్యాచ్ నంబరు, బ్యాచ్ తేదీ, తయారీదారు పేరు, ఫోను, ఈమెయిలు, నివేదికకు దారితీసే లింకు ఉండాలి. సాధారణంగా ఆ లింకును క్యూఆర్ కోడ్‌గా అచ్చువేస్తారు.

అమ్మ కోసం ఒక దుకాణంలో 30 మిల్లీలీటర్ల నూనె సీసా చూశాను. ముందువైపు 1,500 మిల్లీగ్రాముల సీబీడీ అని పెద్ద అక్షరాలు, అంటే మిల్లీలీటరుకు 50. క్యూఆర్ కోడ్ తెరిస్తే చక్కని నివేదికే వచ్చింది, అంకెలూ సరిపోయాయి, కానీ అందులోని బ్యాచ్ నంబరు సీసా అడుగున ముద్రించిన నంబరు కాదు. పరీక్ష తేదీ కూడా సీసా తయారైన తేదీకి చాలా ముందుది. కౌంటరులోని అబ్బాయిని అడిగితే, అన్ని బ్యాచ్‌లూ ఒకటేనండి అన్నాడు. అన్ని బ్యాచ్‌లూ ఒకటే అయితే మాకు ఉద్యోగాలే ఉండవు. ఆ సీసా అక్కడే పెట్టి వచ్చేశాను.

నంబరు కలిసిందనుకుందాం. అప్పుడు పరీక్షించిన ప్రయోగశాల తయారీదారుది కాదని, దానికి ప్రయోగశాలల అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 17025 గుర్తింపు ఉందని చూడాలి. తర్వాత మొత్తం టీహెచ్‌సీ అన్న వరుస వెతకాలి. డెల్టా-9 ఒక్కటే చూసి ఊరుకుంటే మోసపోతాం, ఎందుకంటే టీహెచ్‌సీఏను 0.877తో హెచ్చించి డెల్టా-9కు కలిపితేనే అసలు సంఖ్య తేలుతుంది. డెల్టా-9 0.2 శాతం, టీహెచ్‌సీఏ 20 శాతం అని రాసి ఉన్న పువ్వులో మొత్తం 17.74 శాతం, అది పేరుకే హెంప్. మరొక కిటుకు ‘ఎన్‌డీ’ అన్న రెండు అక్షరాల్లో ఉంది. దాని అర్థం సున్నా అని కాదు, ఆ పద్ధతికి కనిపించేంత లేదని. కొలవగల కనీస పరిమితి 0.1 శాతంగా పెట్టుకున్న ల్యాబ్‌లో ఎన్‌డీ వచ్చినా, ఒక నూనె సీసాలో పాతిక మిల్లీగ్రాముల టీహెచ్‌సీ నక్కి ఉండే అవకాశం ఉంది. ఆ పరిమితి ఎంతో పక్క గడిలో రాస్తారు; రాయకపోతే ఆ నివేదికకు విలువ లేదు.

సీబీడీ, టీహెచ్‌సీ అంకెలతోనే ముగిసే ఒక్క పేజీ నివేదిక నాకు ఎప్పుడూ అసంపూర్ణంగానే కనిపిస్తుంది. ఈ మొక్క మట్టిలోని లోహాలను బాగా పీల్చుకుంటుంది. చెర్నోబిల్ పరిసరాల్లో నేలను శుభ్రపరిచే ప్రయోగాలకు దీనిని వాడింది అందుకే. సీసం, ఆర్సెనిక్, కాడ్మియం, పాదరసం, పురుగుమందులు, మిగిలిపోయిన ద్రావకాలు, బూజు విషాలు, వీటి ఫలితాలు కూడా ఉన్న నివేదికనే అడగండి.

ఇక వీసా మీద ఉన్నవారి సంగతి. టెక్సస్‌లో టీహెచ్‌సీ గమ్మీలను ఆకు గంజాయిలా చూడరు. చట్టపు పరిమితి దాటిన గమ్మీల విషయంలో టీహెచ్‌సీ ఎంతో కాదు, చక్కెర, జెలటిన్‌తో సహా మొత్తం బరువు లెక్కిస్తారు. 4 గ్రాములు దాటితే రెండవ శ్రేణి ఫెలనీ, అంటే తీవ్రమైన నేరం. కొలరాడో విహారంలో దుకాణంలో కొన్న పొట్లాన్ని కారులో మర్చిపోయి రాష్ట్ర సరిహద్దు దాటినవారికీ ఇదే వర్తిస్తుంది. పోనీ శిక్ష పడకపోయినా, ఫెడరల్ చట్టం నిషేధించిన పదార్థాన్ని దగ్గర ఉంచుకున్నానని అధికారి ముందు ఒప్పుకోవడమే గ్రీన్ కార్డుకు, మళ్లీ దేశంలోకి రావడానికి అడ్డంకి కాగలదు. రాష్ట్రం అనుమతించినా పౌరసత్వ దరఖాస్తులో గంజాయి వాడకం అడ్డు రావచ్చని ఇమ్మిగ్రేషన్ శాఖ 2019లోనే స్పష్టం చేసింది. సరుకు 0.3 శాతం లోపే ఉందని నిరూపించుకోవడానికి మన చేతిలో ఉండేవి రసీదు, బ్యాచ్ నివేదిక, అసలు సీసా. గమ్మీలను విడదీసి మామూలు డబ్బాలో పోసుకోవడం అందుకే తెలివైన పని కాదు. ఉద్యోగంలో మూత్ర పరీక్ష ఉన్నవారు ఫుల్ స్పెక్ట్రమ్ నూనె (టీహెచ్‌సీతో సహా మొక్కలోని పదార్థాలన్నీ ఉంచినది) జోలికే పోవద్దు. టీహెచ్‌సీ హెంప్ నుంచి వచ్చిందా, గంజాయి నుంచా అని ఆ పరీక్ష చూడదు.

ఊరికి తీసుకెళ్లే ఆలోచన కూడా మానుకోవాలి. దుబాయి, అబుదాబి మీదుగా వెళ్లే సంచుల్లో సీబీడీ నూనె ఉంటే అక్కడి చట్టం దానిని మాదకద్రవ్యంగానే చూస్తుంది. హైదరాబాదులో దిగాక 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ఉంది. అమెరికా రసీదు అక్కడ చెల్లదు.

పెద్దవాళ్లకు ఇచ్చే ముందు వారి మందుల చీటీ డాక్టరుకు చూపించి తీరాలి. గుండె జబ్బుకు రక్తం గడ్డకట్టకుండా చేసే వార్ఫరిన్ వాడేవారిలో సీబీడీ ఆ మందు ప్రభావాన్ని పెంచి రక్తస్రావానికి దారితీయవచ్చు. కాలేయం మీద కూడా ఒత్తిడి పడుతుంది. ఇంట్లో పిల్లలుంటే గమ్మీలు తాళం వేసిన చోట ఉండాలి. వేరుశెనగ పచ్చడిలో కలిపి నూరుకునే హెంప్ గింజలకు, వాటి నూనెకు ఈ బాదరబందీ ఏదీ లేదు. అయితే ఆ గింజల నూనెలో సీబీడీ ఉండదు, కనుక ఆన్‌లైన్‌లో దానినే నొప్పుల మందుగా అమ్మేవారి మాట నమ్మి డబ్బు పోగొట్టుకోవద్దు.

2025 నవంబరు 12న సంతకమైన ఫెడరల్ చట్టం ఏడాది గడువు ఇచ్చి హెంప్‌కు ఉన్న ఆ 2018 నాటి నిర్వచనాన్ని మార్చింది. 2026 నవంబరు 12 నుంచి మొత్తం టీహెచ్‌సీని లెక్కిస్తారు, కృత్రిమంగా మార్చినవి హెంప్ కావు, అమ్మే ఒక్కొక్క సీసాలో లేదా పొట్లంలో 0.4 మిల్లీగ్రాములకు మించి టీహెచ్‌సీ ఉండకూడదు. 0.18 శాతం టీహెచ్‌సీ ఉన్న ఒక మామూలు ఫుల్ స్పెక్ట్రమ్ సీసాలో 50 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, అంటే కొత్త పరిమితికి నూరు రెట్ల పైమాటే. ఆ తేదీ దగ్గరపడే కొద్దీ దుకాణాలు సగం ధరకు వదిలించుకునే సరుకు ఇదే అవుతుంది. ఆ తేదీ దాటాక బీరువాలో మిగిలిన సీసా ఫెడరల్ చట్టం దృష్టిలో హెంప్ కాదు, గంజాయి. కనుక చవకగా వస్తోందని ఏడాదికి సరిపడా కొని పెట్టుకోకండి. వాడి తీరాలనుకుంటే టీహెచ్‌సీ లేని ఐసొలేట్ (సీబీడీని మాత్రమే వేరుచేసిన) రకాన్ని, అది కూడా పైపూతగా, ఒక చిన్న సీసా మాత్రమే తీసుకోండి.