ఒక్క ఊపిరిలో ఎంతవరకు

డిశ్చార్జి కాగితాలు చేతికిస్తూ అక్కడి ఆవిడ, "ఇంత మంచులో ప్రయాణమా, రేపు వెళ్ళొచ్చుగా" అంది. అక్క నా మొహం ఒక్కసారి చూసి, మారు మాట్లాడకుండా కారు తాళాలు బయటికి తీసింది. ఇంకొక్క రాత్రి ఆ మంచం మీద పడుకోమని ఉంటే నేను ఏడ్చేసేవాణ్ణి. నాలుగు నెలలైంది ఇల్లు చూసి.

మామూలుగా ఐదు గంటల దారి. మాకు పదిహేను పట్టింది. అందులో ఒకేచోట కదలకుండా కూర్చున్న ఏడు గంటల గురించి రాయాలనే మొదలుపెట్టాను. అయితే ముందు సెప్టెంబరు సంగతి చెప్పకపోతే అది అర్థం కాదు.

సెప్టెంబరులో నాలుగు రోజులు విరేచనాలు పట్టుకుని, వాటంతటవే తగ్గిపోయాయి. రెండు వారాల తర్వాత అరికాళ్ళలో తిమ్మిరి మొదలైంది. మూడో రోజుకల్లా మెట్లెక్కుతుంటే మోకాళ్ళు పట్టు తప్పుతున్నాయి. ఎమర్జెన్సీకి వెళ్తే డాక్టరు రక్తపరీక్షల కాగితం చూసి, "అన్నీ నార్మల్. బాగా టెన్షన్ పడుతున్నారు. ఇంటికెళ్ళి నిద్రపోండి" అన్నాడు. మోకాలి మీద సుత్తితో తట్టి చూడలేదు. మిగతావన్నీ క్షమించాను గానీ ఇది మాత్రం నావల్ల కావడం లేదు. నాకొచ్చిన జబ్బులో రిఫ్లెక్సులు, అంటే సుత్తితో తట్టగానే కాలు దానంతటదే ఎగరడం, తగ్గిపోతాయి, లేదా పూర్తిగా పోతాయి. అది కనిపెట్టడానికి చిన్న రబ్బరు సుత్తి, అర నిమిషం ఓపిక ఉంటే చాలు.

మర్నాటి రాత్రి బాత్‌రూమ్‌లో కూలబడి లేవలేకపోయాను. ఈసారి ఇంకో ఆసుపత్రి. అక్కడి పెద్దాయన మోకాళ్ళు, మోచేతులు తట్టి, ఒక్కటీ స్పందించకపోయేసరికి అక్కడికక్కడే పేరు చెప్పేశాడు: గిలాన్ బారే సిండ్రోమ్. వెన్నులోంచి తీసిన నీటిలో ప్రోటీన్ ఎక్కువగా, కణాలు మామూలుగా ఉండటంతో ఖాయమైంది. కడుపులో దూరిన క్రిమి మీదికి లేచిన మన రక్షణ వ్యవస్థే, పొరబడి మన నరాల మీద పడుతుందట. 1916లో దీన్ని వర్ణించింది ముగ్గురు ఫ్రెంచి వైద్యులు. గిలాన్, బారేల పేర్లు నిలిచాయి. మూడోవాడు స్ట్రోల్ ఎక్కడో జారిపోయాడు. నెలల తరబడి పడుకున్నవాడికి ఇలాంటి విషయాలే తోడు. నాకు ఆ స్ట్రోల్ మీద బోలెడంత జాలి.

ఐదు రోజులు ఇమ్యునోగ్లోబ్యులిన్, అంటే దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల మందు, ఎక్కించారు. దాని గురించి చెప్పడానికేమీ లేదు, సీసాలు వేలాడాయి, దిగాయి. మొదలైన మందు పనిచేసేలోపు జబ్బు పైకి పాకుతూనే ఉంది.

రెండో రోజు రాత్రి ఒక నర్సు గంటకోసారి వచ్చి, "గట్టిగా ఊపిరి పీల్చుకుని, మధ్యలో మళ్ళీ పీల్చకుండా అంకెలు లెక్కపెట్టు" అనేది. నేను తెలుగులో లెక్కపెట్టేవాణ్ణి. ఆమెకు తెలుగు రాదు, వేళ్ళు మడుస్తూ తన లెక్క తాను చూసుకునేది. పది గంటలకు పద్దెనిమిది. పన్నెండింటికి పధ్నాలుగు. వేలికి తగిలించిన క్లిప్పులో ఆక్సిజన్ తొంభై ఏడు చూపిస్తోంది కదా, బాగానే ఉన్నానుకున్నాను. ఆ అంకె అన్నిటికంటే చివర పడుతుందని, ఛాతీ కండరాలు ముందే అలిసిపోతాయని చెప్పింది. డాక్టరుకు ఫోన్ చేస్తే పొద్దున చూద్దామన్నాడట. మళ్ళీ చేసింది. మూడోసారి చేసేటప్పటికి ఆమె గొంతు కారిడార్‌లోంచి నాకు వినబడుతోంది. రెండు గంటలకు నేను తొమ్మిది దగ్గర ఆగిపోయాను. పది అనడానికి నోరు తెరిచాను, గాలి లేదు.

ఊపిరి కోసం గొంతులోకి గొట్టం వేశారు. పదకొండు రోజులు. ఆమె పేరు ఇక్కడ రాయను గానీ, రోజూ పడుకునే ముందు దేవుడితో పాటు ఆ పేరూ తలుచుకుంటాను.

వెంటిలేటర్ మీద ఉన్నవాడికి చెవులు పనిచేస్తాయని జనానికి ఎందుకు తట్టదో. మా బంధువొకాయన నా మంచం పక్కనే నిలబడి, "ఏ జన్మలో చేసుకున్న పాపమో, పాపం" అన్నాడు. రెండు పాపాలూ నాకు స్పష్టంగా వినబడ్డాయి.

తర్వాత ఫిజియోథెరపీ, తిట్లు, ఇంకా ఫిజియోథెరపీ. నరం మీది పొరే పోతే కాస్త త్వరగానే తేరుకుంటాం, లోపలి తీగ తెగితే అది పెరిగేది రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు. నడుము నుంచి పాదం దాకా ఎన్ని మిల్లీమీటర్లో మీరే వేసుకోండి. జనవరిలో బయటికి వచ్చేటప్పటికి చేతికర్రతో, పాదం వేలాడకుండా కాలికి పట్టీతో నడుస్తున్నాను. చీలమండ కింద స్పర్శ లేదు.

ఇక ఆ ప్రయాణం. సాయంత్రం ఆరింటికి ముందెక్కడో లారీ జారి రోడ్డుకు అడ్డం పడింది. మా ముందూ వెనకా వాహనాలే. మంచు అడ్డంగా కురుస్తోంది. అక్క పెట్రోలు చూసుకుని, గంటకు పది నిమిషాలే ఇంజను వేస్తూ వచ్చింది. వేసే ముందు ప్రతిసారీ దిగి, వెనక పొగగొట్టం చుట్టూ మంచు చేత్తో తవ్వి పారేసేది. అది పూడుకుపోతే పొగ లోపలికొస్తుంది, అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన కూడా ఉండదు. ఒకసారి ఆమె లోపలికి వచ్చి, "ఒరేయ్, కాలు తియ్!" అని అరిచింది. హీటరుకు ఆనించుకున్న నా పాదం ఎర్రగా కమిలిపోయింది. నాకు తెలియనే లేదు. స్పర్శ లేని కాళ్ళవాళ్ళకు చలి ఎంత శత్రువో వేడీ అంతే, దయచేసి గుర్తుంచుకోండి.

పదకొండు దాటాక వేళ్ళ కొసలు చిమచిమలాడాయి. గుండె దడ. ఛాతీ బిగుసుకుపోయింది. పొగా? జబ్బు తిరగబెట్టిందా? ఇక్కడికి అంబులెన్సు ఎలా వస్తుంది? అక్క రెండు వైపులా అద్దాలు దించేసింది. మంచు ఒళ్ళో పడుతోంది. తనకు తల నొప్పి లేదు, తిప్పడమూ లేదు అంది. ఇద్దరం పీల్చింది ఒకే గాలి.

"అక్కా, వేళ్ళు మడువు."

"ఏంటి?"

"నేను లెక్కపెడతా, నువ్వు చూడు."

కళ్ళు మూసుకుని ఊపిరి నింపుకున్నాను. తొమ్మిది దగ్గర గొంతు వణికింది. దాటాను. పద్దెనిమిది దాటాను. అక్క ఏడుస్తూ వేళ్ళు రెండోసారి, మూడోసారి మొదటికి తెస్తోంది. ముప్పై ఒకటి.

అంటే అది టెన్షనే. ఆ డాక్టరు చెప్పింది నాలుగు నెలలు ఆలస్యంగా నిజమైంది. ఇద్దరం పడీ పడీ నవ్వాం.

ఒంటిగంటకు రోడ్డు తెరిచారు. వంతెనల మీద అక్క నత్తనడక నడిపింది, కింద నేల వెచ్చదనం తగలక అవి ముందుగా గడ్డకడతాయి. తెల్లవారాక ఇల్లు చేరాం. గుమ్మం ముందు నాలుగు మెట్లు, వాటి మీద గాజులా మంచు. అక్క ఉప్పు చల్లి అది కరిగేదాకా నన్ను కారులోనే కూర్చోబెట్టింది. తర్వాత కమ్మీ పట్టుకుని, మెట్టుకు ఒక నిమిషం చొప్పున ఎక్కాను.

అమ్మ కబుర్లేమీ అడగలేదు. కింద కూర్చుని మేజోళ్ళు లాగేసి, బొటనవేలు నొక్కింది.

"తెలుస్తోందా?"

"కొంచెం."

"ఇది?"

"లేదమ్మా."

"ఇది?"

"లేదు."

కమిలిన చోట తడిగుడ్డ వేసి, రెండో పాదం ఒళ్ళోకి తీసుకుంది.